విద్యుత్తు లేని మూడు దినములు

మీట నొక్కగానే దీపము వెలుగుట నేడు ఎవరికిని వింతగా తోచదు. ఆ దీపము ఆరిపోయినప్పుడు మాత్రము ఇంటివారు వాకిటిలోనికి వచ్చి, ప్రక్క వీధిలో వెలుతురు ఉన్నదా లేదా అని చూచెదరు. ఈ చూపులో కొంత శాస్త్రము కూడ కలదు. ప్రక్క ఇంటిలో దీపమున్నచో లోపము తమ ఇంటిలోనే ఉన్నదనియు, ప్రక్క వీధిలో మాత్రమే ఉన్నచో లోపము తమ వీధి ట్రాన్స్‌ఫార్మరులో ఉన్నదనియు, ఊరంతయు చీకటియైనచో లోపము ఇంకను పైన ఉన్నదనియు గ్రహింపవచ్చును. సాధారణముగా గంటలోనో రెండు గంటలలోనో విద్యుత్తు తిరిగి వచ్చును. అది రెండు మూడు దినముల వరకు రానిచో ఆ గృహము ఏమి కావలెను? ఈ ప్రశ్నకు సమాధానము కరెంటు పోయిన తరువాత కాక, ముందుగానే ఆలోచింపవలసియున్నది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతములవారికి ఈ ఆలోచన మరింత అవసరము. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని ఈ భాగములు 2016 అక్టోబరు 11న ప్రత్యేక జిల్లాలైనవి. కృష్ణ ఈ మూడింటిని ఒరసి ప్రవహించుచున్నది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమికి నడిగడ్డయని పేరు. గద్వాల సమీపమున జూరాల వద్ద 234 మెగావాట్ల జలవిద్యుత్కేంద్రమును, దానికి దిగువన 240 మెగావాట్ల మరియొక కేంద్రమును, నాగర్‌కర్నూలు జిల్లా సరిహద్దున శ్రీశైలము ఎడమగట్టున 900 మెగావాట్ల భూగర్భ కేంద్రమును కలవు. ఇన్ని విద్యుత్కేంద్రముల చెంతనుండియు ఇక్కడి గృహములు చీకటిలో పడుటకు కారణమేమి?

తీగ ఎక్కడ తెగును?

విద్యుత్తు కేంద్రమునుండి తిన్నగా ఇంటికి రాదు. అది మొదట అత్యధిక వోల్టేజీలో గొప్ప గోపురములపై ప్రయాణించి, సబ్‌స్టేషనులలో మెట్లు మెట్లుగా దిగి, 33,000 వోల్టుల తీగలలోనికిని, పిమ్మట 11,000 వోల్టుల ఫీడరులోనికిని వచ్చును. చివరకు వీధి ట్రాన్స్‌ఫార్మరు దానిని మూడు ఫేజుల 433 వోల్టులకు దించును. అందులో ఒక్క ఫేజు, అనగా సుమారు 240 వోల్టులు, ఇంటిలో ప్రవేశించును. చెట్టులో మొదలు, బోదె, కొమ్మ, రెమ్మ, ఈనె ఎట్లో, ఇవియు అట్లే.

మొదటి భాగము చాల దృఢమైనది. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రములో అగ్నిప్రమాదము సంభవించి తొమ్మండుగురు ప్రాణములు కోల్పోయిరి. అంత పెద్ద కేంద్రము నిలిచిపోయినను రాష్ట్రము చీకటిలో మునుగలేదు. ఇతర కేంద్రముల విద్యుత్తు గ్రిడ్డు ద్వారా వచ్చి ఆ లోటును పూడ్చినది. 2013 డిసెంబరు 31న, గద్వాలకు పొరుగుననున్న రాయచూరునుండి షోలాపురమునకు వేసిన 765 కిలోవోల్టుల తీగతో దక్షిణదేశపు గ్రిడ్డు ఉత్తరదేశపు గ్రిడ్డుతో ఒకే లయలో కలిసినది. అంతకుముందు 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతములు అంధకారములో పడినప్పుడు దక్షిణదేశము వేరుగా ఉండి తప్పించుకొన్నది. కలయిక వలన ఒకరి కొరతను మరియొకరు తీర్చవచ్చును. గ్రిడ్డు మొత్తముగా కూలు ప్రమాదము మిక్కిలి అరుదు.

తెగునది సాధారణముగా చివరి కొమ్మలే. వేసవి చివర ఈదురుగాలులు వీచినప్పుడు చెట్టు తీగపై పడును, స్తంభము ఒరగును, పింగాణీ ఇన్సులేటరు పగులును, ట్రాన్స్‌ఫార్మరు కాలును. 2024 మే 26న నాగర్‌కర్నూలు జిల్లాలో వీచిన గాలివాన గోడలను, రేకుల కప్పులను కూల్చి పలువురి ప్రాణములను బలిగొన్నది. నల్లమల అంచున అచ్చంపేట, అమ్రాబాదు వైపు తీగలు చెట్ల నడుమనే పోవలసియుండుటచే, లోపము వెదకుటకే కాలము పట్టును. ఒక్క స్తంభము పడినచో ఒక పూటలో నిలుపవచ్చును. గాలికి వరుసగా పడినచో దినములు పట్టును. పునరుద్ధరణ కూడ పైనుండి క్రిందికి జరుగును: మొదట సబ్‌స్టేషను, పిదప ఫీడరు, పిదప ఆసుపత్రి, నీటి పంపులు, కడపట వీధులు. కావున ఊరి చివరి ఇంటివారు అందరికంటె ఎక్కువ కాలము నిరీక్షింపవలసి వచ్చును.

దీపముతోపాటు పోవునది

కరెంటు పోయినదనగానే జనులకు దీపమే గుర్తుకు వచ్చును. నిజమునకు దీపము లేని రాత్రి మనుజుడు ఎప్పుడును బ్రతికియే యున్నాడు. నీరు లేని రెండు దినములు బ్రతుకుట దుర్ఘటము. పూర్వము చేదబావియు, చేతి బోరింగును ఉండెను. వానికి కావలసినది భుజబలమే. నేడు ఇంటి బోరు, పంచాయతి టాంకి, నదినుండి వచ్చు కొళాయి నీరు అన్నియు మోటారుపై ఆధారపడినవి. ఈ ప్రాంతములో విద్యుత్తు పోవుట యనగా నీరు పోవుటయే.

దీనికి రెండు నిదర్శనములు కలవు. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట కృష్ణా తుంగభద్రల పరీవాహక ప్రాంతములో కుండపోతగా వర్షము కురిసినది. శ్రీశైలము ఆనకట్టను 19 లక్షల క్యూసెక్కుల వరదను తట్టుకొనునట్లు రూపొందించియుండగా, సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చిపడినవి. కర్నూలు పట్టణము మునిగినది. ఆవలి ఒడ్డున నడిగడ్డలో అలంపురము, రాజోలి ప్రాంతములు నీటి పాలైనవి. స్తంభములు, ట్రాన్స్‌ఫార్మర్లు మునిగినచోట్ల మోటార్లు ఆగినవి. బావులలో బురదనీరు చేరినది. కంటి యెదుట సముద్రమువలె నీరు; త్రాగుటకు చెంబెడు లేదు.

రెండవది 2020 అక్టోబరులో జరిగినది. కొల్లాపురము సమీపమున ఎల్లూరు వద్ద కల్వకుర్తి ఎత్తిపోతల పథకపు మొదటి పంపుగృహములోనికి నీరు చొరబడి మోటార్లను ముంచినది. ఆ పంపులు ఎత్తిన నీరే మిషన్ భగీరథ త్రాగునీటికి కూడ ఆధారమగుటచే, నది నిండుగా పారుచుండగానే కొళాయిలకు ఆటంకము కలిగినది. నీరు ఉన్నంత మాత్రమున చాలదు. దానిని ఎత్తు శక్తి కూడ ఉండవలెనని ఈ రెండు ఉదంతములును తెలుపుచున్నవి.

నీటి లెక్క

అనేక దేశముల విపత్తు నిర్వహణ సంస్థలు గృహస్థులకు మూడు దినముల, అనగా 72 గంటల, సన్నాహమును సూచించును. బయటి సహాయము చేరుటకు అంత కాలము పట్టవచ్చునని భావము. మనిషికి దినమునకు త్రాగుటకు మూడు లీటర్లు, వంటకు రెండు లీటర్లు, మొత్తము ఐదు లీటర్లు శుభ్రమైన నీరు కావలెను. చేతులు, పాత్రలు కడుగుటతో కలిపి 15 లీటర్లకు తక్కువ కానిచో ఆరోగ్యము చెడకుండ గడపవచ్చును. ఐదుగురున్న ఇంటికి మూడు దినములకు 75 లీటర్లు త్రాగునీరు, మొత్తము 225 లీటర్లు నీరు అవసరమన్నమాట. 75 లీటర్లనగా 15 లీటర్ల బిందెలు ఐదు. తక్కినది గోలెములోనో డ్రమ్ములోనో నింపి మూతపెట్టవలెను. మూత లేనిచో ఆ నీరే దోమలకు పుట్టినిల్లగును.

ఇన్వర్టరు ఉన్నది గదా, మోటారు నడుపుకొందుమని కొందరు తలచుదురు. ఒక హార్సుపవరు మోటారుకు 746 వాట్లు కావలెను. ప్రారంభించు క్షణమున దానికి అనేక రెట్లు విద్యుత్తును గుంజును. ఇంటి ఇన్వర్టరు అంత భారమును మోయలేదు. అయితే మరియొక మార్గము కలదు. 100 మీటర్ల లోతునుండి 1000 లీటర్ల నీటిని పైకి ఎత్తుటకు 9 లక్షల 80 వేల జౌళ్ల పని, అనగా సుమారు 270 వాట్‌గంటల శక్తి, కావలెను. పంపు, మోటారు శక్తిలో కొంత వృథా చేయును గనుక, వాని సామర్థ్యము నూటికి నలుబదియని కొన్నచో సుమారు 680 వాట్‌గంటలు ఖర్చగును. ఒక ఇంటి బ్యాటరీ సురక్షితముగా ఇయ్యగల శక్తిలో ఇది పెద్ద భాగము. మిద్దెపై నిండియున్న టాంకి ఈ పనిని ముందుగానే చేసిపెట్టుకొన్నది. దానినుండి నీరు భూమ్యాకర్షణచేతనే దిగివచ్చును. కావున నిండు టాంకియే అన్నిటికంటె చౌకయైన బ్యాటరీ. మేఘము కమ్మి గాలి లేచినప్పుడు, కరెంటు ఉండగానే, మొదట చేయవలసిన పని మోటారు వేసి టాంకి నింపుటయే.

నీరు అనుమానాస్పదమైనచో మొదట మడతపెట్టిన శుభ్రమైన బట్టతో వడకట్టి, తెర్లునట్లు ఒక నిమిషమైనను మరిగించి చల్లార్చవలెను. మరుగుట వలన క్రిములు చచ్చును గాని, ఫ్లోరైడు వంటి లవణములు పోవు. ఆవిరి పోయిన కొలది వాని పాలు హెచ్చును. మరిగించు వీలు లేనిచో ఆరోగ్య కార్యకర్తలిచ్చు క్లోరిను బిళ్లలను, పొట్లముపై వ్రాసిన మోతాదులో వేసి, అరగంట ఆగి త్రాగవచ్చును.

బ్యాటరీ లెక్క

బ్యాటరీపై 12 వోల్టులు, 150 ఆంపియర్‌గంటలు అని వ్రాసియుండును. రెండింటిని హెచ్చించగా 1800 వాట్‌గంటలు వచ్చును. సీసము, ఆమ్లము గల బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసినచో దాని ఆయువు తగ్గును. ఇన్వర్టరు కూడ కొంత శక్తిని తినును. కావున సగమును, అనగా 900 వాట్‌గంటలను మాత్రమే లెక్కకు తీసికొనుట మేలు.

పాత రకపు పంకా 75 వాట్లు, రెండు ఎల్‌ఇడి దీపములు 18 వాట్లు, ఫోను 7 వాట్లు: మొత్తము 100 వాట్లు. ఈ భారమున బ్యాటరీ తొమ్మిది గంటలు మాత్రమే నిలుచును. ఒక రాత్రి గడచును గాని రెండవ రాత్రి గడువదు. మూడు దినములకు పంచినచో దినమునకు 300 వాట్‌గంటలు వచ్చును. 30 వాట్ల కొత్తరకపు పంకా ఆరు గంటలకు 180, రెండు దీపములు ఐదు గంటలకు 90, ఫోనులకు 20: మొత్తము 290. పొదుపుగా వాడిన ఇల్లు మూడవ రాత్రి కూడ వెలుగుతో ఉండును. నూరు వాట్ల సౌరఫలకమున్నచో ఎండ బాగుగా కాసిన దినమున సుమారు 400 వాట్‌గంటలు లభించును. ముసురు పట్టినప్పుడు అందులో కొద్ది భాగమే వచ్చును. అందుచేత ముసురునాటికి దానిపైనే భారము వేయరాదు.

ఇన్వర్టరు లేని ఇండ్లే ఎక్కువ. వారికి ఒక టార్చిలైటు, విడి సెల్లులు, సౌరలాంతరు చాలును. సెల్‌ఫోను గోపురములకు కూడ బ్యాటరీలు కొన్ని గంటలే నిలుచును గనుక, ముఖ్యమైన నెంబర్లను కాగితముపై వ్రాసి గోడకు అంటించవలెను: విద్యుత్ ఫిర్యాదులకు 1912, అంబులెన్సుకు 108, అత్యవసర సహాయమునకు 112. సెల్లులతో నడచు చిన్న రేడియో ఉన్నచో ఫోను మూగబోయినను వార్త తెలియును.

మందులు, ఆహారము

ఇంటిలో రోగి ఉన్నచో అతని లెక్కయే ముందుగా వేయవలెను. ఆక్సిజను యంత్రముపై నున్నవారికి విడిగా సిలిండరు ఉండవలెను. డయాలసిస్ చేయించుకొనువారు తుఫాను హెచ్చరిక రాగానే తమ కేంద్రమువారిని సంప్రదింపవలెను. రక్తపోటు, మధుమేహము మొదలైనవాని మందులు వారము దినములకు తగ్గకుండ నిలువ ఉంచవలెను.

ఇన్సులిను సంగతి ప్రత్యేకముగా తెలిసికొనదగినది. తెరువని సీసాను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచవలెను. వాడుకలోనున్న సీసా 30 డిగ్రీలకు మించని చోట సాధారణముగా నాలుగు వారముల వరకు పనిచేయును. పాలమూరు వేసవిలో ఇంటి లోపలి వేడియే అంతకు మించును. అప్పుడు మన కుండ పనికివచ్చును. పెద్ద కుండలో ఇసుక పోసి, దానిలో చిన్న కుండ నిలిపి, ఇసుకను తడిపి, పైన తడిగుడ్డ కప్పవలెను. మందు సీసాను నీరు సోకని చిన్న డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచవలెను. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 క్యాలరీల వేడి కావలెను. ఆ వేడిని అది కుండనుండియే తీసికొనును. పొడిగాలిలో ఈ ఉపాయము బాగుగా పనిచేయును. గాలిలో తేమ నిండిన వర్షకాలమున అంతగా పనిచేయదు. ఇన్సులినును మంచుగడ్డకు తాకించరాదు. గడ్డకట్టిన ఇన్సులిను తిరిగి కరిగినను పనికిరాదు.

ఫ్రిజ్ తలుపు తెరువకున్నచో లోపలి చల్లదనము సుమారు నాలుగు గంటలు నిలుచును. తరువాత పాలు, మాంసము, వండిన కూరలు మొదట వాడవలెను, లేదా పారవేయవలెను. పొయ్యి వెలిగించు వీలులేని పూటలకు ఈ సీమవారికి కొత్త పదార్థములు కొనవలసిన పని లేదు. ఎండునట్లు కాల్చిన జొన్నరొట్టె, వేయించిన పల్లీలు, బొరుగులు, అటుకులు, బెల్లము, కారప్పొడి ఫ్రిజ్ పుట్టకముందే ప్రయాణములలోను, పొలములలోను పరీక్షకు నిలిచినవి.

చీకటికంటె భయంకరమైనవి

కరెంటు లేనందువలన పోవు ప్రాణములకంటె, కరెంటు లేనప్పుడు చేయు పొరపాట్ల వలన పోవునవి తక్కువ కాదు. వానిలో నాలుగు ముఖ్యమైనవి.

మొదటిది జనరేటరును ఇంటి ప్లగ్గులో నేరుగా కలుపుట. 11,000 వోల్టులను 433కు దించు ట్రాన్స్‌ఫార్మరు, ఎదురుగా విద్యుత్తు ప్రవేశించినచో దానిని తిరిగి వేల వోల్టులకు ఎక్కించును. తీగ చచ్చినదని నమ్మి స్తంభమెక్కిన లైన్‌మన్ అక్కడనే ప్రాణము కోల్పోవును. వీధికి వెలుగు తెచ్చుటకు వచ్చినవానిని ఇంటివారే తెలియక చంపినట్లగును. జనరేటరైనను, ఇన్వర్టరైనను చేంజోవరు మీట ద్వారానే, ఎలక్ట్రీషియనుచేత కలిపించవలెను.

రెండవది పొగ. జనరేటరునుగాని, బొగ్గుల కుంపటినిగాని మూసిన గదిలో ఉంచినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినుకు అది ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు మించి గట్టిగా అంటుకొనును. నిద్రించువారు మేల్కొనకుండనే మరణింతురు. జనరేటరును ఎల్లప్పుడు ఆరుబయట, కిటికీలకు దూరముగా ఉంచవలెను. బ్యాటరీ ఛార్జియగునప్పుడు హైడ్రోజను వెలువడును గనుక దానిని కూడ గాలి తగులు చోటనే ఉంచి, దగ్గర అగ్గిపుల్ల గీయరాదు.

మూడవది తెగిపడిన తీగ. నిప్పురవ్వలు లేనంత మాత్రమున అది చచ్చినదని అనుకొనరాదు. తీగ తాకిన చోటనుండి వోల్టేజి నేలలో వలయములుగా తగ్గుచు పోవును. రెండు పాదముల నడుమ ఆ తేడా ఎక్కువైనచో విద్యుత్తు ఒక కాలి ద్వారా ఎక్కి మరియొక కాలి ద్వారా దిగును. పశువుల కాళ్ల నడుమ దూరము ఎక్కువగుటచే అవి ముందుగా బలియగును. పది మీటర్ల దూరముననే నిలిచి, ఇతరులను ఆపి, 1912కు తెలుపవలెను. అప్పటికే సమీపమున ఉన్నవారు పెద్ద అంగలు వేయక, పాదములు ఒకదానికొకటి తాకునట్లు జరుపుచు వెలుపలికి రావలెను.

నాలుగవది వరద. నీరు గడప తొక్కకముందే, పొడి నేలపై నిలిచి, పొడి చేతితో మెయిన్ మీట ఆపవలెను. నీరు చేరిన పిదప ఆ పెట్టె జోలికి పోరాదు. వరద తగ్గిన తరువాత గోడలు, తీగలు ఆరి, ఎలక్ట్రీషియను పరీక్షించువరకు మీట వేయరాదు. పొలములోని మోటారు స్టార్టరుకు కూడ ఇదే నియమము. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజిని పసిగట్టి విద్యుత్తును కత్తిరించు చిన్న పరికరము ప్రతి ఇంటి బోర్డులోను ఉండుట మిక్కిలి శ్రేయస్కరము.

నదీతీర గ్రామములవారు భూమి పట్టాలు, ఆధారు, బ్యాంకు పుస్తకములు, మందులు, కొంత రొక్కము ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఎత్తైన చోట సిద్ధముగా ఉంచుకొనవలెను. కరెంటు లేనిచోట ఫోను ద్వారా చెల్లింపులు జరుగవు గనుక రొక్కము అవసరము.

పరీక్ష

ఈ సన్నాహమునకు పెద్ద ధనము అక్కరలేదు. మూతగల పాత్రలు, ఒక టార్చి, కొద్దిగా మందులు, కొన్ని ఎండు తినుబండారములు, గోడపై నాలుగు నెంబర్లు. అవి నిజముగా సరిపోవునా లేదా యని తెలిసికొనుటకు మృగశిర కార్తెకు ముందు ఒక దినమున ఉదయమునుండి మరునాటి ఉదయము వరకు మెయిన్ మీట ఆపి చూడవలెను. అవ్వ రాత్రి స్నానపుగదికి ఎట్లు పోయినది, పసిపిల్లకు పాలు ఎట్లు కాచిరి, బిందెలలో ఎంత నీరు మిగిలినది అను ప్రశ్నలకు ఆ ఒక్క దినమే సమాధానము చెప్పును. ఆ దినమున కనబడిన కొరతలను తీర్చుకొన్న ఇంటికి తరువాత వచ్చు చీకటి అసౌకర్యము మాత్రమే; ఆపద కాబోదు.